ఐదు తీగల స్పల్లా చేయించాలంటే కర్ర కంటే ముందు తీగ సంగతి తేల్చుకోండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనంతలో మీ పరిస్థితి ఇది. మీరు హైదరాబాద్‌లో ఉంటారు. చిన్నప్పటి నుంచి కర్ణాటక పద్ధతిలో వయొలిన్ నేర్చుకున్నారు, ఆరేళ్లుగా బరోక్ సంగీతం (17, 18 శతాబ్దాల నాటి యూరప్ సంగీతం) కూడా వాయిస్తున్నారు. జర్మన్ స్వరకర్త బాఖ్ చెల్లో (కాళ్ల మధ్య పెట్టుకుని వాయించే పెద్ద వయొలిన్ జాతి వాద్యం) కోసం రాసిన ఆరో సూట్‌ను, అంటే నాట్య గతుల వరసను, ఒకాయన భుజం మీద ఆనించుకున్న చిన్న ఐదు తీగల వాద్యం మీద వాయిస్తుంటే విన్నారు. దాన్ని వయొలొన్‌చెల్లో ద స్పల్లా అంటారని తెలుసుకున్నారు, అలాంటిది మీకూ కావాలి. తెలిసిన వాద్యాల మేస్త్రి గారు ఫోటోలూ కొలతలూ ఇస్తే చేసిపెడతానన్నారు. అలా చేయించవచ్చా, లేక ఒక పెద్ద వయోలాకో (వయొలిన్ కంటే కాస్త పెద్ద వాద్యం) పిల్లల చెల్లోకో ఐదు తీగలు బిగించి సరిపెట్టుకోవచ్చా అని అడుగుతున్నారు.

చేయించవచ్చు. కానీ ఫోటోలు ఇవ్వడం మొదటి పని కాదు. అట్టడుగున ఉండే సి తీగ సంగతి ముందు తేలాలి. అది తేలకుండా కర్ర కోయిస్తే చూడ్డానికి అందమైన పెట్టె ఒకటి ఇంటికొస్తుంది, మంద్రం మాత్రం పలకదు. నా మొదటి స్పల్లా అలాగే అయింది. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

నాది బొబ్బిలి దగ్గర పల్లె. గొల్లపల్లిలో వీణలు చేసేవాళ్ల వాకిళ్లలో ఉలి చప్పుడు వింటూ పెరిగాను. ఇరవై రెండేళ్లుగా బెల్జియంలో వయొలిన్ల తయారీ, మరమ్మతు నా వృత్తి. స్పల్లాలు ఇప్పటికి నాలుగు చేశాను.

ముందు అసలు ఈ వాద్యం ఎక్కడిదో, దాన్ని ఎలా తిరిగి తయారు చేశారో చెప్పాలి. అది తెలిస్తేనే మీ మేస్త్రి గారు దేన్ని అచ్చంగా అనుసరించాలో, దేన్ని సొంతంగా తేల్చుకోవాలో తెలుస్తుంది. బాఖ్ 1723లో లైప్‌జిగ్ వచ్చాడు. 1724 నుంచి 1726 లోపు రాసిన కొన్ని కాంటాటాల్లో (చర్చిలో వాద్యాలతో పాడే కృతుల్లో) వయొలొన్‌చెల్లో పికొలో, అంటే చిన్న చెల్లో, అని ప్రత్యేకంగా పేర్కొన్నాడు. 1725 మే నెలలో పెంతెకొస్తు పండుగ మర్నాటి కోసం రాసిన 68వ నంబరు కాంటాటాలో సొప్రానో (పై స్థాయి గొంతు) పాటతో పాటు గంతులు వేస్తున్నట్టు సాగే వరస దీనిదే. ఆరో సూట్ సంగతి వేరు. బాఖ్ స్వదస్తూరి ప్రతి మనకు దక్కలేదు. ఆయన రెండో భార్య అన్నా మాగ్డలేనా రాసుకున్న ప్రతి బెర్లిన్ గ్రంథాలయంలో ఉంది. అందులో ఆరో సూట్ తలకట్టు దగ్గర ఐదు తీగలకని రాసి, శ్రుతి కూడా చూపించారు: కింది నుంచి సి, జి, డి, ఎ, ఆ పైన ఇ. అంటే మామూలు చెల్లో నాలుగు తీగల మీద ఇంకో తీగ. వాద్యం పేరు గానీ, దాన్ని ఎలా పట్టుకోవాలన్నది గానీ అక్కడ లేదు.

భుజం మీద పట్టుకునే పద్ధతికి సాక్ష్యం వేరేచోట ఉంది. హాంబుర్గ్‌లో 1713లో అచ్చయిన పుస్తకంలో సంగీత రచయిత యోహాన్ మాటెసన్ చిన్న బాస్ (మంద్రం పలికే) వాద్యాల గురించి రాస్తూ వయోలా ద స్పల్లాను, అంటే భుజం వయోలాను, ప్రస్తావించాడు. దాన్ని పట్టీతో రొమ్ముకు కట్టుకుని కుడి భుజం మీదికి వేసుకున్నట్టు పట్టుకుంటారన్నాడు. బాఖ్ బంధువు వాల్తర్ 1732లో అచ్చువేసిన సంగీత నిఘంటువులోనూ ఇంచుమించు అదే మాట వస్తుంది. ఇంకా ముఖ్యమైంది నా దృష్టిలో లియోపోల్డ్ మొజార్ట్ (స్వరకర్త మొజార్ట్ తండ్రి) 1756 నాటి వయొలిన్ పుస్తకంలోని ఒక చిన్న వాక్యం. ఈ కాలంలో చెల్లోను కాళ్ల మధ్య కూడా పెట్టుకుంటున్నారు అంటాడాయన. ఆ 'కూడా' చూడండి. 1756లో ఒక అనుభవజ్ఞుడు అలా రాశాడంటే, మరో పద్ధతిలో పట్టుకోవడం అప్పటికింకా జనానికి తెలిసే ఉందన్నమాట.

ఇక వాద్యాలు. లైప్‌జిగ్‌లో యోహాన్ క్రిస్టియాన్ హాఫ్‌మాన్ అనే తయారీదారు ఉండేవాడు. 1683లో పుట్టి, బాఖ్ పోయిన 1750లోనే పోయాడు. ఆయన చేసిన వాటిలో వయోలా కంటే కాస్త పెద్దగా, పక్కలు మాత్రం బాగా ఎత్తుగా ఉన్న ఐదు తీగల వాద్యాలు కొన్ని మిగిలాయి. 1732 నాటిది ఒకటి లైప్‌జిగ్ విశ్వవిద్యాలయ సంగ్రహాలయంలో ఉంది, ఇంకొకటి బ్రస్సెల్స్ సంగీత వాద్యాల మ్యూజియంలో. బ్రస్సెల్స్‌ది నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ముందు నుంచి చూస్తే పెద్ద వయోలా అనుకుంటారు. ఒక అడుగు పక్కకు జరిగి చూడండి, అప్పుడు తెలుస్తుంది. వయోలా పక్కలు మామూలుగా నాలుగు సెంటీమీటర్లు మించవు. దీనివి దాదాపు దానికి రెట్టింపు. పొట్ట, అంటే మెడ కాక మిగిలిన పెట్టె, పొడవు 45, 46 సెంటీమీటర్ల మధ్య.

ఇలాంటి వాద్యాన్ని బాఖే కనిపెట్టాడని, దాని పేరు వయోలా పొంపోసా అని, చేతి మీద పెట్టుకుని వాయించేవారని 1790లో గెర్బర్ తన నిఘంటువులో రాశాడు. గెర్బర్ తండ్రి బాఖ్ శిష్యుడు, కాబట్టి కొట్టిపారేయలేం. కానీ ఆ పేరు బాఖ్ స్వరలిపుల్లో ఎక్కడా కనబడదు. బాఖ్ చనిపోయాక తయారుచేసిన ఆస్తుల జాబితాలో 'బాసెట్‌చెన్' అని ఒక వాద్యం ఉంది, ఖరీదు ఆరు థాలర్లు (అప్పటి జర్మన్ వెండి నాణేలు). చిన్న బాస్ అని దాని అర్థం. ఇదే ఆ వాద్యమని కొందరంటారు. పేర్ల తగువు పండితుల మధ్య ఇంకా నడుస్తూనే ఉంది. చిన్న చెల్లోను కాళ్ల మధ్యే పెట్టుకునేవారని వాదించేవాళ్లూ గట్టివాళ్లే.

నా అభిప్రాయం దాచను. కాంటాటాల వరకు భుజం మీద వాయించారన్న వాదనే నాకు బలంగా తోస్తుంది. ఎందుకంటే కొన్ని కాంటాటాల్లో ఆ భాగాన్ని మొదటి వయొలిన్ వాద్యకారుడి కాగితాల్లోనే రాసి ఉంచారు. వయొలిన్ పక్కన పెట్టి ఇది చేతిలోకి తీసుకుని, మళ్లీ వయొలిన్ అందుకోవాలంటే పట్టు, వేళ్ల లెక్క రెండింట్లోనూ ఒకేలా ఉండాలి కదా. ఆరో సూట్ విషయంలో మాత్రం నేను అంత గట్టిగా చెప్పను. కాళ్ల మధ్య పెట్టుకునే ఐదు తీగల చెల్లో మీద కూడా అది అద్భుతంగా వస్తుంది. మీరు ప్రేమించిన ధ్వని స్పల్లాది కాబట్టి స్పల్లా చేయించుకోండి. ఇదొక్కటే అసలైనదని ఎవరితోనూ వాదనకు దిగకండి.

మన కాలంలో దీన్ని మళ్లీ నిలబెట్టింది ద్మిత్రీ బద్యారోవ్. ఆయన వయొలిన్ వాద్యకారుడు, తయారీదారు కూడా. 2000 తర్వాతి దశకంలో బెల్జియం వయొలినిస్టు సిగిస్వాల్డ్ కౌకెన్ కోసం స్పల్లా చేశాడు. కౌకెన్ దాని మీద ఆరు సూట్లూ రికార్డు చేశాక ప్రపంచమంతా ఇటు తిరిగి చూసింది. జపాన్ వయొలినిస్టు ర్యో తెరకాదో కూడా దీన్నే పట్టుకున్నాడు. తన పరిశోధనను బద్యారోవ్ 2007లో గాల్పిన్ సొసైటీ జర్నల్ అనే వాద్యాల పరిశోధన పత్రికలో ప్రచురించాడు. అది సంపాదించి మీరు చదవండి, మేస్త్రి గారికి అర్థం చెప్పండి.

ఇప్పుడు నా మొదటి స్పల్లా గురించి. మ్యూజియం నక్షా తెచ్చుకున్నాను. స్ప్రూస్ పైపలక, మేపుల్ వీపు, అంచుల్లో నల్ల గీత, వార్నిష్ అన్నీ మనసుపెట్టి చేశాను. నాలుగు నెలలు పట్టింది. చివరికి తీగలు బిగించే రోజున, చేతిలో ఉన్న చెల్లో సి తీగనే పొడవు తగ్గించి పెట్టాను. కమాను ఆనగానే తీగ వేళ్ల పలకమీద టపటపా కొట్టుకుంది. బట్టలారేసే తాడు గాలికి ఊగినట్టు ఊగింది తప్ప నాదం లేదు. శ్రుతి పెంచితే గొంతు వచ్చింది, కానీ అప్పుడది సి కాదు, దాదాపు ఎఫ్. నాలుగు నెలల పని ముందు పెట్టుకుని, తప్పు కర్రలో లేదని, నేను పని మొదలెట్టిన చోటే ఉందని ఆ రాత్రి అర్థమైంది.

లెక్క చూడండి, ఇది మేస్త్రి గారికి కూడా చూపించండి. తీగ పొడవు, మీటరుకు దాని బరువు, ఎంత బిగించాం అన్న మూడూ కలిసి శ్రుతిని తేలుస్తాయి. పొడవు సగం చేసి అదే శ్రుతి, అదే బిగింపు ఉంచాలంటే మీటరు బరువు నాలుగింతలు కావాలి. చెల్లోలో మోగే తీగ పొడవు సుమారు 69 సెంటీమీటర్లు. స్పల్లాలో సుమారు 42. అంటే అదే బిగింపులో తీగ మీటరు బరువు 2.7 రెట్లు కావాలి. బరోక్ శ్రుతి ఎ 415 (ఎ స్వరానికి సెకనుకు 415 కంపనాలు) అనుకుంటే కింది సి సెకనుకు దాదాపు 62 కంపనాలు. భుజం మీది వాద్యానికి తీగకు 5 కిలోల లాగుడు చాలనుకుందాం. ఉత్త గొర్రె పేగు తీగతో ఈ సి రావాలంటే దాని లావు 4.2 మిల్లీమీటర్లు ఉండాలి! అంత లావు తీగ కడ్డీలా బిగుసుకుంటుంది, కమానుకు లొంగదు. అదే లెక్కలో పై ఇ తీగ 0.84 మిల్లీమీటర్లు చాలు. తీగలను మోసే ఒకే బ్రిడ్జి మీద ఈ రెంటినీ పక్కపక్కన కూర్చోబెట్టాలి. ఈ వాద్యంలోని కష్టమంతా ఇక్కడే ఉంది.

దారి చుట్టు తీగ. పేగు మీద వెండి లేక రాగి తీగ చుట్టడం. యూరప్‌లో ఇది 17వ శతాబ్దం మధ్యలో వచ్చింది. లండన్‌లో జాన్ ప్లేఫోర్డ్ 1664లోనే ఈ కొత్తరకం తీగల గురించి తన పుస్తకంలో ప్రకటన వేశాడు. మన వీణకు మంద్రం, అనుమంద్రం తీగలు చుట్టువే కదా, కారణం కూడా ఇదే. బరువు పెరగాలి, వంగే గుణం పోకూడదు. మన లెక్కకు 1.1 మిల్లీమీటర్ల పేగు మీద 0.44 మిల్లీమీటర్ల వెండి తీగ ఒత్తుగా చుడితే మొత్తం లావు 2 మిల్లీమీటర్ల దగ్గరకు వస్తుంది, బరువు సరిపోతుంది. నా అనుభవంలో ఒకే లావు పొర కంటే సన్నవి రెండు పొరలు మేలు, కమాను తాకగానే పలుకుతుంది. స్పల్లా కోసమే సెట్లు చేసి అమ్మేవాళ్లు ఇప్పుడు ఉన్నారు. వాళ్లకు రాసేటప్పుడు 'స్పల్లా సెట్ కావాలి' అని ఊరుకోకండి. తీగ పొడవు మిల్లీమీటర్లలో, శ్రుతి, ఎంత బిగింపు కావాలో రాయండి. నేను ఒకసారి పొడవు చెప్పడం మరచి ఆర్డరిచ్చాను. వచ్చిన సెట్ 45 సెంటీమీటర్లకు చేసినది. మళ్లీ తెప్పించాల్సి వచ్చింది.

అందుకే రెండో వాద్యం నుంచి నేను పాటిస్తున్న పద్ధతి చెప్తాను. కర్ర కొనక ముందే ఒక పలక చేయించండి. మూడడుగుల గట్టి టేకు పలక, రెండంగుళాల మందం చాలు. ఒక చివర తీగలు ఆని నిలిచే మెట్టు, దాని నుంచి 42 సెంటీమీటర్ల దూరంలో బ్రిడ్జి, అవతల తీగలు కట్టే మేకు. ఐదు తీగలు అక్కర్లేదు, సి, జి రెండు చాలు. మీ కమాను తెచ్చి నిదానంగా లాగండి. పలకకు పొట్ట లేదు కాబట్టి చప్పుడు చిన్నగానే ఉంటుంది, కంగారు పడకండి. మీరు వినాల్సింది మూడే సంగతులు: కమాను ఆనిన వెంటనే శ్రుతి నిలుస్తోందా, గట్టిగా లాగితే శ్రుతి పైకి జారుతోందా, తీగ ఊపు పక్క తీగను తాకుతోందా. తీగ మార్చి, బిగింపు మార్చి, పొడవు 41, 43 కూడా చేసి చూడండి. రెండు వారాలు దీనికి పెట్టండి. ఏ పొడవు దగ్గర మీ చేతికీ తీగకూ కుదిరిందో అదే మీ వాద్యానికి మూలం. పొట్టను దాని చుట్టూ గీయాలి.

చేతికి అన్నాను కదా, అది కూడా కొలవండి. వయొలిన్ తీగ పొడవు 32.5 సెంటీమీటర్లు. మొదటి స్థానంలో చూపుడు వేలి నుంచి చిటికెన వేలికి దూరం సుమారు 7.3 వస్తుంది. 42 మీద అది 9.4 అవుతుంది. మీ చేయి అక్కడ సాగి హాయిగా నిలిస్తే వయొలిన్ వేళ్ల లెక్కనే నడపొచ్చు. బిగుసుకుపోతే ఒక సెంటీమీటరు తగ్గించుకోండి. తగ్గించిన ప్రతి సెంటీమీటరూ సి తీగ లావులో తిరిగి చెల్లించాల్సి వస్తుందని మాత్రం గుర్తుంచుకోండి.

ఇక పొట్ట. పక్కలు ఎందుకు అంత ఎత్తో చెప్తాను. పొట్టలోని గాలికి ఒక సొంత స్వరం ఉంటుంది, ఖాళీ కూజా మూతి మీద ఊదితే వచ్చేలాంటిది. వయోలాలో అది సుమారు 220, 230 కంపనాల దగ్గర ఉంటుంది. పక్కలు రెట్టింపు చేసి, పొడవు కూడా 45కి పెంచితే లోపలి గాలి దాదాపు రెండున్నర రెట్లవుతుంది. గాలి స్వరం 140 ప్రాంతానికి దిగుతుంది. అంటే మధ్యలోని ఖాళీ డి తీగ దగ్గరికి. కింది సి 62 కదా, అది ఇంకా స్థాయికి పైగా కిందే ఉంది. అందువల్ల సి తీగ మూల స్వరాన్ని ఈ పొట్ట బలంగా వినిపించలేదు. మనం వినేది దానితో పాటే పుట్టే పై అనుస్వరాలను. వాటిని బట్టి మూలాన్ని చెవే పూరించుకుంటుంది. చిన్న ఫోన్ స్పీకర్‌లో మగ గొంతు వింటాం చూడండి, ఆ గొంతు మూల స్వరాన్ని ఆ స్పీకర్ ఇవ్వదు, అయినా మనిషిని గుర్తుపడతాం. స్పల్లా మంద్రానికి ఉన్న కాస్త ముక్కుతో కూడిన, మాట్లాడుతున్నట్టుండే రుచి ఇక్కడి నుంచే. చెల్లో గుండెలోతు ధ్వని ఇందులో ఆశించకండి. ఆశిస్తే ఎంత మంచి వాద్యమైనా మీకు నిరాశే.

వయోలాకే తీగలు మార్చి సరిపెట్టుకోవచ్చా అన్నారు. దీనికి జవాబు పైన వచ్చేసింది, పొట్టలో చోటు చాలదు. ఒక స్థాయి కింద పలికే తీగలు వయోలాకూ దొరుకుతాయి, పలుకుతాయి కూడా, కానీ సి, జి రెండూ పక్క గదిలోంచి వచ్చినట్టు వినిపిస్తాయి. పిల్లల చెల్లో ఇంతకంటే నయం. పట్టీ కట్టి, ఐదో తీగకు బిరడా దింపి, ఈ పట్టు మీకు సరిపడుతుందో లేదో ఆరు నెలలు చూసుకోవడానికి పనికొస్తుంది. కానీ అవి దెబ్బలకు తట్టుకోవాలని మందంగా చేసినవి. లోపల పైపలక గీకి పలచన చేయించుకున్నా నేను చూసినవాటిలో ఒకటి మాత్రమే వినదగ్గట్టుగా వచ్చింది.

మేస్త్రి గారు ఎంత చేయి తిరిగినవారైనా రెండు చోట్ల ఆగి ఆలోచించాలి. ఒకటి, పక్క పలకలు వంచడం. వయొలిన్‌కు మూడు సెంటీమీటర్ల వెడల్పున్న పట్టీ వంచడం వేరు, ఎనిమిది సెంటీమీటర్లది వంచడం వేరు. మిల్లీమీటరు మందం ఉన్న చారల మేపుల్, వేడి ఇనుము మీద పెట్టగానే చార దగ్గర పుటుక్కుమంటుంది. నడుము దగ్గర ఒంపు మరీ కష్టం. నేను చేసేది ఇది: ఇనుము మీద నీటిచుక్క వేస్తే గిరగిరా తిరుగుతూ ఆవిరవ్వాలి, అంత వేడి. పట్టీని నానబెట్టను, తడిబట్ట ఇనుముకూ కర్రకూ మధ్య ఉంచుతాను. పట్టీ వెనక పలచని ఇత్తడి రేకు ఆనించి, రేకునే లాగుతాను, కర్రను కాదు. కర్ర లొంగే క్షణం చేతికి తెలుస్తుంది, మైనం మెత్తబడినట్టు ఒక్కసారిగా వదులుతుంది. అప్పుడు ఆపి, అలాగే పట్టుకుని చల్లారనివ్వాలి. రెండు పట్టీలు ఎక్కువ కోసి పెట్టుకోమనండి, కనీసం ఒకటైనా విరుగుతుంది.

రెండోది మెడ. ఇప్పటి వయొలిన్‌కు మెడను పొట్టలోకి గాడి తీసి దించుతారు, వెనక్కి వంచుతారు. బరోక్ పద్ధతిలో మెడ పక్కలకు ఆని నిలబడుతుంది, లోపలి దిమ్మ నుంచి మేకు కొట్టి సరేసుతో (పశువుల తోలు, ఎముకల నుంచి తీసే జిగురుతో) అంటిస్తారు. వెనక్కి వంపు చాలా తక్కువ. వేళ్ల పలకే బ్రిడ్జి వైపు దళసరిగా, చీలలా ఉండి ఎత్తును ఇస్తుంది. పాత వాద్యాల్లో చాలావాటి మెడలు 19వ శతాబ్దంలో మార్చేశారు కాబట్టి మ్యూజియం నక్షాలో కనిపించే మెడను గుడ్డిగా నమ్మకూడదు. నా వాద్యాల్లో మెట్టు నుంచి పొట్ట అంచు దాకా 17, అక్కడి నుంచి బ్రిడ్జి దాకా 25 సెంటీమీటర్లు పెడతాను. రెండింటికీ ఇంచుమించు 2:3 నిష్పత్తి, వయొలిన్ మీద అలవాటైన చేతికి పై స్థానాలు వెతుక్కోకుండా దొరుకుతాయి. ఈ 25 పలక మీద తేల్చుకున్న పొడవును బట్టి మారాలి.

వేళ్ల పలక అంతా ఎబొనీ అనే నల్లకర్ర అయితే ఎడమ చేయి తొందరగా అలిసిపోతుంది. లోపల స్ప్రూస్, పైన ఎబొనీ పట్టీ చాలు. బ్రిడ్జి కూడా తేలికగా ఉండాలి. ఐదు తీగలు కదా అని దిట్టంగా చేస్తే ఇ తీగ గొంతు నొక్కుకుపోతుంది. లోపల కిందతీగల వైపు అంటించే బాస్ బార్ అనే కర్ర బద్ద గురించి ఇక్కడ ఒక్క లెక్క ఇవ్వలేను, పైపలక మందాన్ని బట్టి ఉంటుంది. మేస్త్రి గారు పలకను తట్టి వింటూ చెక్కుకోవాలి.

కర్ర విషయంలో ఒక మాట. మా వైపు పనస మీద ఎంత గౌరవమో మీకు తెలుసు. ఒకే దుంగ తొలిచి చేసిన ఏకాండి వీణ నాదం వేరు. మీ మేస్త్రి గారు పనసతో వీపు చేస్తానంటే మాత్రం వద్దనండి. పనస తొలిచే కర్ర, వంచే కర్ర కాదు. పైపలకకు స్ప్రూస్, వీపుకూ పక్కలకూ మేపుల్ తెప్పించుకోండి. స్ప్రూస్‌ను కోసింది కాక నారవెంట చీల్చింది అడగండి. వచ్చిన కర్రను వెంటనే కోయకండి. మీ ఊరి గాలిలో ఒక వానాకాలం, ఒక వేసవి గడవనివ్వండి.

ఎందుకంటే అక్కడి వాతావరణం కఠినం. ఏప్రిల్‌లో ఎండిపోతుంది, జూలైలో తడిసిపోతుంది. ఎనిమిది సెంటీమీటర్ల పక్కలు, వెడల్పాటి వీపు సాగడం, ముడుచుకోవడం వయొలిన్ కంటే ఎక్కువ. అందుకే సరేసు తప్ప మరో జిగురు వాడనివ్వకండి. సరేసు అయితే బిగుసుకున్నప్పుడు అతుకు దగ్గర విడిపోతుంది, మళ్లీ అంటించుకోవచ్చు. తెల్ల జిగురుతో అంటిస్తే అతుకు విడదు, పలకే పగులుతుంది. పైపలక అంటించేటప్పుడు సరేసు పలచగా కలపమనండి, రేపు ఎవరైనా తెరవాల్సి వస్తే కత్తి సులభంగా పోవాలి. తెరవాల్సి వస్తుంది కూడా, నా నాలుగింటిలో మూడింటిని బాస్ బార్ మార్చడానికి తెరిచాను.

పేగు తీగలూ అంతే. ఏసీ గదిలో శ్రుతి చేసుకుని బయట హాల్లోకి వెళ్తే పది నిమిషాల్లో జారిపోతుంది. కచేరీకి గంట ముందే హాల్లో పెట్టె తెరిచి ఉంచండి. ఇ, ఎ తీగలు రెండేసి అదనంగా దగ్గర ఉంచుకోండి.

పట్టుకోవడం గురించి మీకు టెన్షన్ అక్కర్లేదు. నిజానికి మీకో అనుకూలత ఉంది. పాశ్చాత్య పద్ధతిలో పెరిగిన వయొలినిస్టులు స్పల్లా తీసుకోగానే గడ్డం కింద నొక్కిపెట్టాలని చూస్తారు. అది చాలా మందం, నొక్కలేరు, భుజం పట్టేస్తుంది. మీరు కింద కూర్చుని వయొలిన్‌ను రొమ్ముకూ పాదానికీ మధ్య ఆనించి వాయించినవారు. వాద్యాన్ని చేత్తో మోయకుండా వదిలేయడం, ఎడమ చేయి తేలికగా జారడం మీకు ముందే వచ్చు. ఇక్కడ పాదం చేసే పని పట్టీ చేస్తుంది. పట్టీ మెడ వెనక నుంచి వచ్చి, ఒక కొస వాద్యం కింది గుండీకి, ఇంకో కొస మెడ మొదలుకు దగ్గరగా కట్టండి. వాద్యం రొమ్ముకు అడ్డంగా, కింది భాగం కుడి భుజం దగ్గరికి వస్తుంది. తీగల ముఖం నేరుగా ముందుకు కాక కొంచెం పైకి తిరిగి ఉండాలి, లేకపోతే సి తీగ మీద కమాను మోచేతికి అందదు. మామూలు తోలు పట్టీ చాలు, వెడల్పు మూడు వేళ్లుంటే మెడ కోసుకోదు.

కమాను సంగతి: ఇప్పటి వయొలిన్ కమాను సి తీగను కదిలించలేదు, చెల్లోది మరీ బరువు. బరోక్ వయోలా కమాను, వీలైతే చివర కాస్త బరువున్నది తీసుకోండి. మొదటి నెలంతా సి, జి తీగల మీద పొడుగు స్వరాలే వాయించండి. ఆరో సూట్ చేతిలోకి తీసుకునే ముందు మూడో సూట్ వాయించండి. అది సి మేజర్‌లో ఉంది, కింది తీగ సంగతి దాస్తే దాగదు.

ముందు పలక చేయించండి. దాని మీద సి తీగను 41, 42, 43 సెంటీమీటర్ల దగ్గర ఒక్కొక్క నిమిషం వాయించి, ఫోన్‌లోనే రికార్డు చేసి ఇక్కడ పెట్టండి. తీగ లావు, ఎడమ చేయి సాగదీసినప్పుడు చూపుడు వేలి కొస నుంచి చిటికెన వేలి కొసకు ఉన్న దూరం కూడా రాయండి. అవన్నీ చూశాక మీ మేస్త్రి గారికి పొట్ట గీత గీసి పంపుతాను.